టీచరమ్మ చెప్పింది అది కాదు

ఆ సీరియల్ చూసినవాళ్లకు కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి, మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి గోళ్లు కత్తిరిస్తుంటాడు, పేపరు చదివి వినిపిస్తుంటాడు. వాళ్లను సరిగా చూసుకోని కొడుకుల్నీ కోడళ్లనీ ఒక్కొక్కరిగా చంపుతుంటాడు. చంపబోయే ముందు క్షమాపణ అడుగుతాడు. విషం కలిపి తెచ్చిన కూరగిన్నె అక్కడే కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంటాడు. వెళ్లేముందు ముసలావిడ మాత్రలు వేసుకుందో లేదో కనుక్కుంటాడు. జనం నవ్వారు, అతను దొరికిపోకూడదని కోరుకున్నారు. మాటలు రాసింది నేను.

చంపడం ఒక్కటి తప్పిస్తే ఆ మనిషి మా బావ.

మా అక్క భర్త రైల్వేలోనే పనిచేశాడు. చిలకలగూడలో ఆయనను ఎరగని క్రైస్తవ కుటుంబం ఉండదు. రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఇదే, జబ్బుపడ్డ వాళ్లను చూసి రావడం. పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధన ముగించుకుని అలిసిపోయి ఉంటే, ఆసుపత్రికైనా ఇంటికైనా ముందు వెళ్లేది బావే. మోకాలు నొప్పి మొదలయ్యాక నేను స్కూటర్ మీద తీసుకెళ్లేవాణ్ణి. ఆయన లోపల ఉంటే నేను బయట ఫోను చూసుకుంటూ నిలబడేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చుని అన్నీ చెప్పేవాడు, ఎవరికి షుగర్ పెరిగింది, ఎవరి కూతురి సంబంధం తప్పిపోయింది. చివర్న ఒక మాట అనేవాడు, "ప్రార్థనలో జ్ఞాపకం చేస్కోరా."

మా సంఘాల్లో ఇది మామూలే. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పడం తప్పే, కానీ ఈ మాట చివర్న తగిలిస్తే అది ప్రార్థన మనవి అవుతుంది. అలా ఒక ఇంట్లో మోకాళ్ల మీద చెప్పుకున్న కష్టం వారం తిరిగేలోగా మారేడ్‌పల్లి దాకా తెలిసిపోతుంది. ఎవరి మనసులోనూ చెడు ఉండదు. బావ మనసులో అసలే లేదు. నేను హ్యాండిల్ పట్టుకుని "అట్లనే బావా" అనేవాణ్ణి.

నేరేడ్‌మెట్‌లో మా సంఘానికి చెందిన ఒక టీచరమ్మ ఉంది. మా ఈడు వాళ్లలో ఆమె చేత బెత్తం దెబ్బ తినని వాళ్లు తక్కువ. పక్షవాతం వచ్చి మంచాన పడింది. కోడలు చూసుకుంటోంది. ఒక సాయంత్రం ఆ ఇంటి నుంచి బయటికొచ్చిన బావ స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. రైలు గేటు పడితే ఆగాం. అప్పుడు చెప్పాడు.

"టీచరమ్మ పోతనంటుందిరా. కోడలు అలిసిపోయిందట. 'ఈ పిల్లకి పొద్దున లేస్తే నా చాకిరే, నన్ను తొందరగా తీసుకుపొమ్మని ప్రార్థన చెయ్యి బాబూ' అన్నది. ఎవ్వరికీ తెల్వద్దట, కోడలికైతే అసలే. తెలిస్తే తన సేవల ఏదో తక్కువైందనుకుంటదని. నువ్వు సుత జెర ప్రార్థన చెయ్యిరా."

అట్లనే అన్నాను. ఇంటికి వెళ్లి రాశాను.

నేను రాసిన సీను ఇది. హంతకుడు ఎప్పటిలాగే ఒక ఇంటికి వెళతాడు. ముసలావిడ చచ్చిపోవాలని అడుగుతుంది, కారణం కోడలి మీద ప్రేమ. ఆ ఇంట్లో చంపడానికి తగిన మనిషి ఎవరూ లేరు. కూరగిన్నె ఒళ్లో పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చుండిపోతాడు. దర్శకుడు అది చదివి నా భుజం తట్టాడు. ఇందులో ఒక్క మాట కూడా ముట్టుకోనన్నాడు.

చివర్న కృతజ్ఞతల్లో బావ పేరు వేయమని అడిగింది కూడా నేనే. బావకు ముందు చెప్పలేదు. తెర మీద చూసుకుని సంతోషపడతాడనుకున్నాను.

అక్కావాళ్లింట్లో అందరం కలిసి చూశాం. మొదటి భాగాల్లో బావ నవ్వాడు. "నన్ను ఖూనీకోరును చేసినవ్ గదరా" అని నా వీపు మీద ఒకటి వేశాడు. తర్వాత టీచరమ్మ సీను వచ్చింది, నేను రాసినట్టు లేదు. ముసలావిడ పిలుపు వినబడకుండా కోడలు టీవీ సౌండు పెంచుతోంది. మంచినీళ్ల గ్లాసు చెయ్యి అందనంత దూరంలో పెడుతోంది. ముసలావిడ ఏడుస్తూ, ఈ నరకం నుంచి తీసుకుపొమ్మంటోంది. ఆ తర్వాత కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తూ కింద పడుతుంది. హంతకుడు మిగిలిన బట్టలు తీగ మీద ఆరేసి క్లిప్పులు పెట్టి దిగుతాడు. ఊరంతా చెప్పుకుని నవ్విన సీను అదే.

బావ మోకాలు పట్టుకుని లేచి లోపలికి వెళ్లాడు. ఆయన పేరు తెర మీద పడినప్పుడు గదిలో లేడు.

దర్శకుడికి ఫోను చేశాను. "మంచి కోడల్ని చూసుకుంట ఎవరు కూర్చుంటరు సార్? చంపనీకి ఎవరో ఒకరు కావాలె గదా" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. నన్ను మోసం చేశావన్నాను. సీను హిట్టయింది కదా, పరేషాన్ ఎందుకన్నాడు. ఆ మోసం గురించి చాలామందికి చెప్పుకుని తిరిగాను. నేను చేసినది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చర్చి ఆవరణలో మొదట్లో బావతో పరాచికాలాడారు. మా ఇంటికి రండి అంకుల్, కూర మాత్రం తేవద్దు అని. ఆయనా నవ్వాడు. మెల్లగా పిలుపులు తగ్గాయి. జబ్బుపడ్డ వాళ్ల ఇళ్లల్లో, అంతా సర్దుకుంది బ్రదర్, మీకు శ్రమెందుకు అనడం మొదలైంది. నేరేడ్‌మెట్ నుంచి టీచరమ్మ కోడలు ఫోను చేసి, ఇకమీదట రావద్దని చెప్పింది. ఆమె సీరియల్ చూసి అత్తగారిని అడిగిందట. పోవాలని ప్రార్థన చేయమన్నది నిజమేనని టీచరమ్మ ఒప్పుకుందట. ఆ ఒక్కటీ నిజమైనప్పుడు మిగతాది మాత్రం ఎందుకు కాదు? గ్లాసు, టీవీ, అన్నీ అత్తగారే తన మీద చెప్పిందనీ, బావ వెళ్లి టీవీవాళ్లకు అమ్ముకున్నాడనీ ఆమె అనుకుంది. పేరు కూడా వేశారాయె.

సంఘ పెద్దలు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అడిగారు. ఆ పేరు ఎవరు వేశారో నాకు తెలియదన్నాను. దర్శకుడు ఎక్కడెక్కడి నుంచో సంగతులు సేకరించుకున్నాడన్నాను. బావ నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఒకసారి నా వైపు చూసి, తల దించుకున్నాడు. అంతమందిలో నన్ను అబద్ధికుణ్ణి చేయలేదు.

తర్వాత ఒకరోజు అక్క నన్ను వంటగదిలోకి పిలిచింది. "సాయంత్రమైతే చెప్పులేసుకుంటడు. గేటు దాక పోతడు, మల్ల వచ్చి కూసుంటడు. నువ్వు రాసుకుంటవని తెలిస్తే ఆయన నీకు చెప్తుండెనా?" అంది. కందిపప్పు చెరుగుతూ, నా మొహం చూడకుండా అంది.

నేరేడ్‌మెట్ వెళ్లాను. కోడలు గేటు సగమే తీసింది. నేను అక్కడే నిలబడి చెప్పేశాను, రాసింది నేను, పేరు వేయించింది నేను, మీ అత్తగారు మీ మీద చెడుగా ఒక్క మాట కూడా అనలేదు, మీరు అలిసిపోయారని బాధపడ్డారంతే అని.

"అలిసిపోయానని ఎవరన్నారు? నేనన్నానా?" అంది. నేను తెచ్చిన నిజం కూడా ఆమెకు తగలరాని చోటే తగిలింది.

లోపలి నుంచి టీచరమ్మ ఎవరమ్మా అని అడిగి, రానివ్వమంది. మంచం పక్కన నిలబడి అంతా మళ్లీ చెప్పాను. కోడలు గుమ్మంలో నిలబడి వింది. టీచరమ్మ అంతా అయ్యేదాకా ఆగింది.

"నేను ఆయనకి చెప్పుకున్నాను. ఆయన నీకెందుకు చెప్పాడు?"

"ప్రార్థన చెయ్యమనండీ."

"చేశావా?"

"లేదండీ."

"ఒక్కసారైనా?"

తల అడ్డంగా ఊపాను. కోడలు వచ్చి అత్తగారిని పక్కకు తిప్పి, వీపు కింద దుప్పటి సర్దింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గోడ వైపు తిరిగాక టీచరమ్మ అంది, "ఆయన్ని రమ్మను. నువ్వు రాకు నాయనా."

బావకు ఇది చెబితే తేలికపడతాడనుకున్నాను. ఆయన అంతా విని, "నువ్వు చెయ్యలేదా?" అని అడిగాడు. లేదన్నాను.

"ఎవ్వరికీ తెల్వద్దన్నదిరా ఆమె. నేను నీకు చెప్పిన."

ప్రార్థనకే కదా అన్నాను.

"గట్లనే అనుకున్న" అన్నాడు.

అప్పటిదాకా ఆయన అన్యాయానికి గురైన మనిషి. ఆ కాస్త ఊరట కూడా నేనే తీసేశాను. బావ చాలా రోజులు టీచరమ్మ ఇంటికి వెళ్లలేదు. మా సంఘం వాళ్లు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆయన ఎవరికీ ఏమీ అమ్ముకోలేదు. నమ్మి నాకు చెప్పాడు, అంతవరకే ఆయన తప్పు.

మొన్న మధ్యాహ్నం ఒక్కడే బస్సెక్కి నేరేడ్‌మెట్ వెళ్లొచ్చాడట. గేటు కోడలే తీసిందో, లోపలి నుంచి టీచరమ్మ పిలిస్తే తీసిందో తెలియదు. ఎట్లుంది ఆమె అని అక్క అడిగితే, మంచిగనే ఉంది అన్నాడట. ఇంకేం మాట్లాడుకున్నారని అక్క మళ్లీ అడిగింది. బావ మోకాలికి తైలం రాసుకుంటూ, అది వాళ్లింటి సంగతి అన్నాడట.