కళ్ళు మూసుకుని అడిగిన కుళాయి

ఈ రోజు మా పేట ఆడవాళ్ళం అమలాపురం మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం. పెద్దవీధిలో ఇంటికో కుళాయి ఉంది, మా పేటంతటికీ ఒక్కటీ లేదు. చైర్మన్ గారిని అడగాల్సింది నేను. చర్చిలో ప్రార్థన చేయడం తప్ప నలుగురిలో మాట్లాడి ఎరగను. భయంతో కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మా పేటకు కుళాయి లేదు తండ్రీ, కాలవనీళ్ళు తాగి పిల్లలు మంచాన పడుతున్నారు" అనేశాను. వెనక మావాళ్ళంతా "ఆమెన్" అన్నారు. బల్లమీద ఫోను మోగుతున్నా ఎవరూ ఎత్తలేదు.

"కళ్ళు తెరవండమ్మా, కుళాయి వేయించేది నేనేనండి" అన్నారు చైర్మన్ గారు.

"ఆయ్" అన్నాను, తెరవకుండానే.

రేపు స్థలం చూడ్డానికి వస్తారట. చూపించాల్సింది మళ్ళీ నేనే, అదీ పెద్దవీధి వాళ్ళ ఎదుట. ఇప్పటినుంచే భయంగా ఉంది. కళ్ళు మూసుకుంటే స్థలం ఎలా చూపించను? ఎవరైనా తోడొస్తారా?