మోటారు వెనక మూత

నిన్న కడపలోని మా మరమ్మతు దుకాణంలో ఒక మోటారుకు కరెంటు ఇచ్చి ఇరుసు మీద వేలు పెట్టాను. అది తిరగడం లేదు. అయినా లోపల దోమ రెక్కల చప్పుడంత సన్నని రొద. నెట్టి చూస్తే మొండిగా ఎదురు నెట్టి, మళ్లీ అదే చోట ఆగింది. సర్వో మోటారుకు నిలబడడం కూడా పనే. ఆ రొద వింటే నాకు పద్మావతక్క గుర్తొస్తుంది.

ఓర్వకల్లు దగ్గర రాళ్లు కోసే ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. చేనేత ఇంట్లో పుట్టి పాలిటెక్నిక్ చదివిన మనిషి. నేను ఆమె కింద చేరేనాటికి పదేళ్లుగా రైతుల బోరు మోటార్లకు తీగ చుడుతున్నాను. నా బడి చదువు పదితో ఆగింది. మిగతా చదువంతా కర్నూలు గ్రంథాలయంలోనే. ఆ సంగతి అడగకపోయినా అందరికీ చెప్పేవాణ్ణి. మొదటిరోజే ఆమె, "సర్వో అంటే ఏందప్పా?" అంది. డీసీ రకం, ఏసీ రకం, ఏసీలో మళ్లీ అయస్కాంతాలున్నవి, లేనివి, బొమ్మల్లో వాడే అరచుట్టు తిరిగేవి, తిన్నగా జరిగేవి అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. "పేర్లు శానా బాగా చెప్తాండావు పండితప్పా. మరి తాను యాడుండేదీ దానికెట్లా తెలుస్తాది?" నన్ను కళ్లు మూసుకోమని, బల్ల మీదున్న చిన్న మరను వేలితో తాకమంది. "ఇంకా ముందుకు. ఎక్కువ పోయినావు, వెనక్కి రా. రవ్వంత. ఆఁ, ఆగు." వేలు మర మీద ఆగింది. "నీ చెయ్యి మోటారు. నా మాట దాని వెనకుండే ఎన్‌కోడర్. పోవాల్సిన చోటికీ పోయిన చోటికీ ఎంత తేడా ఉంటే అంత సర్దుకుంటాది. అంతే కథ."

కొన్ని నెలల తర్వాత, రాయి కోసే యంత్రంలో రంపాన్ని మోసే కోత తలను అటూ ఇటూ జరిపే మోటారు గరగరమంది. అక్క ఆ రోజు రాయచోటికి పోయింది. రాతి పొడి కలిసిన నీళ్లు లోపలికి దిగాయని నాకు అర్థమైంది. బోరు మోటారైతే విప్పి, తుడిచి, బిగించడం కళ్లు మూసుకుని చేస్తాను. వెనక మూత విప్పి, ఎన్‌కోడర్ ఊడదీసి, శుభ్రంగా తుడిచి బిగించాను. ఊడదీసే ముందు అది ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోలేదు. నేను చదివిన పాత పుస్తకం బొగ్గు బ్రష్షులున్న డీసీ మోటార్ల గురించి. వాటి వెనక వేగం కొలిచే పరికరాన్ని ఎలా తగిలించినా నడుస్తుంది. ఇది అయస్కాంతాల ఏసీ మోటారు. అయస్కాంతం ఏ వైపు ఉందో, మోటారుకు కరెంటు పంపి నడిపే డ్రైవు పెట్టెకు చెప్పేది ఎన్‌కోడరే. అది పక్కకు తిరిగి కూర్చుంటే డ్రైవుకు అందేదంతా తప్పు సమాచారమే.

మరునాడు అక్క వచ్చింది. వెనక మూత విప్పిన ఏ మోటారునైనా యంత్రం నుంచి వేరు చేసి, బల్ల మీద ఆడించి చూశాకే బిగించాలనేది ఆమె నియమం. "వెనక మూత విప్పినావా?" అని అడిగింది. చుట్టూ నలుగురు పనివాళ్లున్నారు. పుస్తకాలు చదివినోడు గుర్తు కూడా పెట్టుకోలేదని నవ్వుతారనిపించింది. "లేదక్కా, పైపైన తుడిచినా" అన్నాను. ఆమె నా మాట నమ్మి, మోటారును బల్ల మీదికి దించలేదు. అందరినీ నేల మీద భద్రత కోసం గీసిన గీత వెనక్కి పంపి, అదురు చూడడానికి కోత తల మీద కుడి చెయ్యి ఆనించి, మీట నొక్కింది. తల ఒక్కసారిగా చివరిదాకా దూసుకుపోయింది. ఆపేలోపే ఆమె చెయ్యి చివరనున్న ఇనుప పట్టాకూ తలకూ మధ్య నలిగింది.

ఆసుపత్రిలో ఆమె నన్ను తిట్టలేదు. "ఎట్లా జరిగిందని యజమాని అడిగినాడు. ఇంకా తెలీదని చెప్పినా. నువ్వు చెప్పాలప్పా అది" అంది. కట్టు వైపు చూడలేక తల దించుకున్నాను. "విప్పడం తప్పు కాదు. విప్పినా అని ఉంటే బల్ల మీద సరిచేసుకుందుము. తప్పును సరిచేసేదే గదా మన పని? లేదంటివి. దాన్ని నేనెట్లా సరిచేసేది?"

ఆ రోజే పనివాళ్లందరి ముందూ యజమానికి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నా పని పోయింది. అక్క కుడి చేతి రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఆరు నెలలకు ఆమే కబురు పెట్టి పిలిచి, ఎడమ చేత్తో మరలు తిప్పుతూ, ఎన్‌కోడర్‌ను అయస్కాంతాలతో సరిపెట్టడం నాకు నేర్పింది. నాకెందుకు నేర్పుతున్నావని అడిగే ధైర్యం నాకు రాలేదు. ఆమె పోయి ఇప్పటికి రెండేళ్లు.

ఇప్పుడు నా చేతి మీదుగా పోయే ప్రతి మోటారుకూ ఒక కాగితం అంటిస్తాను. ఏ మూత విప్పానో, ఎక్కడ పొరపాటు పడి మళ్లీ చేశానో అందులో రాస్తాను. అది చదివి, పని రానివాడని వేరే దుకాణానికి పోయినవాళ్లున్నారు. పోనీ అనుకుని, తర్వాతి మోటారు కాగితం రాస్తాను.