తట్ట ఎత్తే ఊపిరి

2022 వర్షాకాలం. అమలాపురంలో ఒక ప్రసూతి ఆసుపత్రి రెండో అంతస్తులో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆకుపచ్చ తెర మా గదిని రెండు భాగాలు చేసేది. ఒకవైపు మంచం, పేషెంటు, స్టాఫ్ నర్సు సత్యవతి గారు. ఇంకోవైపు కుర్చీ, గోడ గడియారం, నేను. మగవాణ్ణి కాబట్టి తాకి చూసే పరీక్షలు లేడీ డాక్టరు గారో, సత్యవతి గారో చేసేవారు. నేను మాటతో వ్యాయామం చేయించేవాణ్ణి. మధ్యాహ్నం వాన పడుతుంటే ఆ గదిలో వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. తెర అవతలి ముఖం కనిపించదు. ఊపిరి మాత్రం వినిపిస్తుంది.

పెల్విక్ ఫ్లోర్ అంటే పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఊయల గుడ్డలా పరుచుకున్న కండరాలు. మూత్రసంచిని కింద నుంచి మోసేవి అవే. కాన్పుల వల్లా, ఆపరేషన్ల వల్లా అవి వదులైతే మూత్రం చుక్కలుగా జారుతుంది. దాన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటాం. నా ఫారంలో దానికి నాలుగు గళ్ళుంటాయి: దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, నవ్వినప్పుడు, బరువెత్తినప్పుడు. నూకరత్నం గారి ఫారంలో నాలుగింటికీ టిక్కు పడింది.

ఆవిడ అంతర్వేది నుంచి రాజోలులో బస్సు మారి వచ్చారు. నలభై ఆరేళ్ళు. గర్భసంచి తీసేసి ఎనిమిది వారాలైంది. కుట్లు మానాయి, వ్యాయామాలు మొదలుపెట్టవచ్చని డాక్టరు గారు రాశారు.

"ముందు ఏది బాగవ్వాలమ్మా మీకు?" అని తెర ఇవతల నుంచి అడిగాను.

"తట్ట ఎత్తాలండి. చేపల బజార్లో నా చోటులో ఇప్పుడు మా తోడికోడలు కూర్చుంటోంది. దసరా దాకా చూస్తానందండి. అప్పటికీ నేను రాకపోతే ఇంక ఆ చోటు తనదే. మా బజారు పద్ధతి అంతేనండి, కూర్చున్నోళ్ళదే చోటు. మా అత్తగారు కూర్చున్న చోటండి అది."

"ఇంట్లో ఏమని చెప్పి వచ్చేరు?" అన్నారు సత్యవతి గారు.

"నడుం నొప్పనండి. ఇది పైకి చెప్పుకునేదా అమ్మగారూ?"

నా దగ్గర అచ్చువేసిన కాగితం ఒకటుంది. కళ్ళు మూసుకోవాలి, లోపల ఒక లిఫ్ట్ ఉందనుకోవాలి, దాన్ని మొదటి అంతస్తుకి, రెండో అంతస్తుకి తీసుకెళ్ళాలి, అయిదు సెకన్లు నిలపాలి, దించాలి. పూటకు పదిసార్లు, మూడు పూటలు. ఒక్కో వాక్యం చదివి ఆగాను. ఒక్కో వాక్యానికీ సరేనన్నట్టు "ఆయ్" అన్నారావిడ.

రెండు వారాల తర్వాత తిరిగొచ్చారు.

"ఎక్కువైపోయిందండి. మీరు చెప్పినట్టే చేసేను, ఒక్క పూటా మానలేదు. ఇంక రానండి. ఆ చోటేదో దానికే ఇచ్చేస్తాను."

ఒక్కసారి చేసి చూపించమన్నాను. సత్యవతి గారు ఆవిడ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూశారు.

"బాబుగారూ, ఈవిడ పైకి లాగట్లేదండి. ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతోంది."

"లిఫ్ట్ పైకి వెళ్తున్నట్టు అనుకోమన్నాను కదమ్మా?"

"నేనెప్పుడు లిఫ్ట్ ఎక్కేనండి? చదువుకున్నోరు, మళ్ళీ అడిగితే బాగోదని ఆయ్ అన్నాను."

"మరి ఏమనుకుని చేశారు?"

"ఇసకలో పడవ కూరుకుపోతే నెడతాం కదండి, ఊపిరి బిగబట్టి, కాళ్ళు తన్నిపెట్టి. అలాగ. రోజుకి ముప్పైసార్లు."

"ఓరి నాయనో! పడవ కదిలిందా మరి?" అన్నారు సత్యవతి గారు.

"పడవ కదల్లేదమ్మా, నేనే కదిలిపోయేను."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నూకరత్నం గారి నవ్వు సగంలో తెగిపోయింది. ఎందుకో ముగ్గురికీ తెలుసు. చీర సర్దుకున్న చప్పుడు వినిపించింది. తప్పు నాదే. "అర్థమైందా?" అని కూడా అడగకుండా, ఆయ్‌లు లెక్కపెట్టుకుని పంపేశాను.

కాగితం మడిచి పక్కన పెట్టాను. "నూకరత్నం గారూ, ఎవరూ నెట్టకుండా ఆ పడవ లేవాలంటే ఎలాగ?"

"పోటు రావాలండి." పోటంటే సముద్రపు నీళ్ళు గోదావరిలోకి ఎగబాకే వేళ.

"ఎలా వస్తుందో చెప్పండి. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా."

"ముందు బురదలో తడి తెలుస్తాదండి. చప్పుడుండదు. గడ్డి మొదళ్ళు మునుగుతాయి. తర్వాత నీళ్ళు పడవ అడుక్కి చేరతాయి..."

వాన చినుకులు కిటికీ రేకు మీద పడుతున్నాయి. ఆవిడ గొంతు నిద్రలోంచి వస్తున్నట్టుంది. నాకు తెర కనిపించడం మానేసింది. బూడిదరంగు నీళ్ళు, వాటి మీద ఎవరూ లేని పడవ, దాని అడుగున ఇసక మెల్లగా వదులవడం కనిపించాయి.

"...ఎవరూ తోయక్కర్లేదండి. అదే తేలుద్ది."

"బాబుగారూ, లేస్తోందండి," అన్నారు సత్యవతి గారు, గుసగుసగా.

"అలాగే ఉంచి, ఊపిరి వదలండి. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తియ్యనివ్వండి."

"అప్పుడే తియ్యవండి," అన్నారావిడ అదే నిద్ర గొంతుతో. "పోటు నిండేక నీళ్ళు కాసేపు అలాగే నిలబడతాయి. తీసేటప్పుడు కూడా అంతే నెమ్మదండి. గభాల్న తీస్తే పడవ ఒరిగిపోద్ది."

గడియారం చూడటం మర్చిపోయాను. బిగించడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యమని మా పుస్తకాల్లో ఉంది. నా కాగితంలో మాత్రం దానికి "దించాలి" అన్న ఒక్క మాటే ఉంది.

ఆ తర్వాత వారాల్లో బరువులు మొదలుపెట్టాం. ముందు నీళ్ళ సీసా, తర్వాత సగం బకెట్టు, చివరికి ఇసక పోసిన తట్ట. ఎత్తే క్షణంలో నోటితో ఊపిరి వదలాలి, లోపల పోటు లేవాలి. ఆవిడకు అలవాటైపోయింది. తొమ్మిదో వారానికి ఫారంలో మూడు టిక్కులు పోయాయి. తుమ్ము మిగిలింది. దసరా ముందు చివరి అపాయింట్‌మెంటుకి ఆవిడ రాలేదు. ఫోను చెయ్యవద్దని మొదటిరోజే చెప్పారు. ఆ చోటు ఏమైందో నాకు తెలియలేదు.

నా కాగితంలో లిఫ్ట్ వాక్యం కొట్టేసి ప్రశ్న ఒకటి రాశాను: మీరు చూసినవాటిలో నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగేది ఏది? ఒకావిడ పాలపొంగు అన్నారు. ఒకావిడ నిద్రపోయే పిల్లవాడి పొట్ట అన్నారు.

కార్తీకంలో ఒక ఉదయం బాలింతను చూడటానికి అంతర్వేది వైపు వెళ్ళి, చేపల బజారు మీదుగా నడిచాను. నీలం టార్పాలిన్ కింద ఆ గొంతే.

"ఏం కావాలండీ? కొయ్యింగ చేపలున్నాయి, ఇప్పుడే దిగేయి."

ఆవిడ ముఖాన్ని తెర లేకుండా నేను అంతసేపు చూడటం అదే మొదటిసారి. ఆవిడ నా ముఖంలోకి నేరుగా చూశారు. కొత్త బేరాన్ని చూసినట్టే చూశారు. పక్కన పీట వేసుకున్న ఇంకొకావిడ, "ఎవరక్కా, తెలిసినోరా?" అంది.

"కాదే, ఊరికి కొత్తలాగున్నారు."

నేనూ కొత్తవాడిలాగే రేటు అడిగాను. ఇంతలో ఎవరో రొయ్యలు కావాలన్నారు. ఆవిడ లేచి, వెనకనున్న నిండు తట్ట అంచులు పట్టుకుని, పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతూ ఎత్తారు. చీర సర్దుకోలేదు.

మా జూనియర్లకు ఇచ్చే నియమాల జాబితాలో ఇప్పుడు తొమ్మిదోది ఇలా ఉంటుంది: పేషెంటు బయట కనిపిస్తే, వాళ్ళు పలకరించేదాకా మనం పలకరించకూడదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఆ కొయ్యింగల సంగతి చెబుతాను. ఆ రోజు రెండు తీసుకున్నాను. ఆవిడ త్రాసు మొగ్గు చూసి తూచి, చిల్లర చేతిలో పెట్టి, తర్వాతి మనిషి వైపు తిరిగారు.