మా ఎల్లాజీ, వాళ్ళమ్మ, ఆ పాత దెయ్యాల సినిమా

నిన్న పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది.

"ఇస్మాయిల్ బావా, ఎల్లాజీ పోయాడు."

ఏ ఎల్లాజీ అని అడిగాను. నాకు తెలిసిన ఎల్లాజీ ఒక్కడే. అయినా అడిగాను.

డ్యూటీకి బయల్దేరుతూ, జాలరిపేటలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని షూ వేసుకుంటున్నాడట. అలాగే పక్కకి ఒరిగిపోయాడట. హార్ట్. హాస్పిటల్ దాకా కూడా వెళ్ళలేదు.

షట్టర్ సగంలో వదిలేసి నిలబడిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎల్లాజీ పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఓల్డ్ టౌన్‌లో మా కళ్ళద్దాల షాపు మేడ మీద, ఆదివారం మధ్యాహ్నాలు మేం కొందరం ప్రొజెక్టర్ పెట్టుకుని పాత సినిమాలు చూస్తాం. దాన్ని మొదలెట్టింది వాడే. తెర మీద సినిమా అయిపోయాక వాడు లేచి మాట్లాడేవాడు. సగం మంది దానికోసమే వచ్చేవాళ్ళు.

వాడికి ప్రాణం ఒక పాత బ్రిటిష్ హారర్ సినిమా. బ్లాక్ అండ్ వైట్. నాలుగైదు దెయ్యం కథలు కలిపి తీసింది.

దాని మీద ఇంటర్నెట్‌లో ఎవడేం రాసినా చదివేవాడు. చదివి దెబ్బలాడేవాడు. అక్కడ వాళ్ళతో ఇంగ్లీషులో, ఇక్కడ మాతో తెలుగులో.

క్రిటిక్స్ అందరిదీ దాదాపు ఒకటే మాట. చివరి కథ మాస్టర్‌పీస్, మధ్యలో వచ్చే కామెడీ కథ దండగ, కోసి పారేయొచ్చు.

నాదీ అదే మాట.

"నువ్వెప్పుడైనా తెప్ప తోసావేటి బావ?" అనేవాడు. "పెద్ద కెరటం, పెద్ద కెరటం, మజ్జిలో సిన్న సందు. ఆ సందు సూసుకునే తొయ్యాల. ఆ నవ్వుల కథ ఆ సందు. అది నేకపోతే నువ్వు సివరి కథ దాకా ఎల్లవు. ముందే ఒడ్డున పడతావు."

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

కానీ ఈ రోజు చెప్పాలనుకున్నది అది కాదు.

వాడికి ఒక తమ్ముడు ఉండేవాడు, పోలారావు. చాలా ఏళ్ళ కిందట సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. బోటు చెక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు.

తర్వాత ఎల్లాజీ సిటీలో మంచి ఫ్లాట్ చూశాడు. వాళ్ళమ్మ, మా అప్పయ్యమ్మ పిన్ని, కదల్లేదు. "ఇల్లు మారిపోతే ఆడికెలా తెలుత్తాది" అంది.

వాడూ అక్కడే ఉండిపోయాడు.

పోయిన వేసవిలో, "ఆ సినిమా మా వీధి ఆడోళ్ళకి సూపిద్దాం" అన్నాడు. వాళ్ళింటి హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టాం. చేపలమ్ముకుని వచ్చిన ఆడవాళ్ళంతా మధ్యాహ్నం అన్నాలు తినేసి వచ్చి కూర్చున్నారు.

ఎల్లాజీ గోడ పక్కన నిలబడి ప్రతి డైలాగూ వాళ్ళ భాషలో చెప్పాడు. దొరలు, దొరసానులు అందరూ జాలరిపేట యాసలో మాట్లాడుతున్నారు. నవ్వలేక చచ్చాం.

రెండో కథ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. సముద్రంలో పోయిన మొగుడు ఒక సాయంత్రం ఇంటికొస్తాడు. తడి కోటు తగిలిస్తాడు. పెళ్ళాం ఎదురుగా కూర్చుంటాడు. ఆవిడ కెవ్వున అరుస్తుంది. అతను లేచి వెళ్ళిపోతాడు.

అంతే కథ. క్రిటిక్స్ దాని గురించి ఒక లైను రాసి వదిలేస్తారు. స్లో అంటారు.

కామెడీ కథకి అందరూ పడీపడీ నవ్వారు. ఎల్లాజీ నాకేసి ఒక చూపు చూశాడు. పెద్ద బంగ్లాలో ఒంటరిగా ఉన్నవాడికి మతి పోయే ఆ చివరి కథకి ఒక్కరూ భయపడలేదు. "అంత బంగ్లాలో ఒక్కడే ఉంటే పిచ్చెక్కదేటి మరి" అంది ఒకావిడ.

సినిమా అయ్యాక వాడు వాళ్ళమ్మని అడిగాడు, ఎలాగుందే అని.

పిన్ని గోడకేసే చూస్తోంది. "ఆ రెండో కథలో ఆయమ్మ ఎందుకలా అరిసింది?"

"భయమేసిందే అమ్మ."

"భయమెందుకు? ఆయన వచ్చాడు గదా."

మళ్ళీ తనే అంది, "అదురుట్టవంతురాలు. మనోడు అలాగైనా రానేదు."

ఎల్లాజీ ప్రొజెక్టర్ ఆపడం మర్చిపోయాడు. ఖాళీ గోడ మీద తెల్లటి వెలుగు చాలాసేపు అలాగే ఉంది.

తర్వాతి ఆదివారం వాడు మేడ మీదకొచ్చాడు గానీ లేచి మాట్లాడలేదు. అందరూ వెళ్ళాక నాతో అన్నాడు.

"ఇప్పుడు నాకు ఆ సినిమా అంటే భయమేత్తంది బావ. తలుపు సప్పుడైతే సాలు మా యమ్మ తల ఎత్తుద్ది. ఆడేమో అని. తీరా సూత్తే నాను. అప్పుడు ఆ మొకం ఆరిపోద్ది. అది నాను సూడనేను. అందుకే సందు మలుపులోనే కేకేత్తాను, అమ్మా, నానే, ఎల్లాజీని అని."

టీ తెప్పించాను. ఇద్దరం తాగాం.

నిన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి వాడిని చాప మీద పడుకోబెట్టారు. ఒక కాలికి ఇంకా షూ ఉంది. పిన్ని ఏడవట్లేదు. మెల్లిగా ఆ షూ లేసు విప్పుతోంది. తర్వాత తలకి నూనె రాసింది. దువ్వింది. ఆడవాళ్ళు ఆవిడని లేపబోయారు.

"ఉండండే. పోలారావుకి ఇయ్యేవీ సెయ్యనేదు. ఈడికైనా సేసుకోనియ్యండి."

ఇంకెవరూ ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు.

నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నన్ను గుర్తుపట్టింది. కొడుకు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చూపించింది.

"ఇస్మాలూ, ఈడు నా సేతికి దొరికాడ్రా."

ఆ మాట నిన్నట్నించి నా చెవుల్లోంచి పోవట్లేదు. షాపు తెరవలేదు. మేడ మీదకి కూడా వెళ్ళలేదు.

వెళ్ళిరా ఎల్లాజీ. నువ్వెక్కడున్నా అక్కడ నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి. ఇక్కడ మీ అమ్మకి కూడా.