చిన్నమ్మకు పదహారు ఓట్లు

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యేళ్ళు, మనుషుల గురించి తెలియనిదంటూ ఏమీ లేదు. దేవుడి దయవల్ల ఇప్పుడు చాలా తెలియవు. బడికి వెళ్ళినదాన్ని కాను. అమ్మ అక్షరాలు నేర్పింది, నాన్న లెక్కలు నేర్పాడు, మిగిలింది ఓపిగ్గా చూసుకోమని భగవంతుడికి వదిలేశారు. అలాంటిదాన్ని చిన్నమ్మ అబుదాబి తీసుకొచ్చి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని తన ఇంట్లో పెట్టుకుని, ముసఫ్ఫాలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం కూడా చూపించింది. కరోనా ఏడాది కాబట్టి ఆఫీసంటే చిన్నమ్మ భోజనాల బల్ల మీద ఒక ల్యాప్‌టాప్, అంతే. పొద్దున ఎనిమిది కొట్టగానే ముదీర్ (మేనేజరుని మా ఆఫీసులో అందరూ అలాగే అనేవారు) ఫోన్ చేసి "యల్లా, కూర్చున్నావా?" అని తొందరపెట్టేవాడు.

పని అమెరికా ఎన్నికలది. అక్కడెవరో ఫోన్లు చేసి, ఓటెవరికని అడిగి, జవాబులు మాకు పంపేవారు. వాటిని వయసు, జాతి, చదువు, ఊరా పట్నమా, చర్చికి వారంవారం వెళతారా అన్న గడుల్లో సర్దాలి. "మనిషిని చూడకు, గుంపుని చూడు. మనిషి అబద్ధమాడినా గుంపు ఆడదు" అని ముదీర్ ఉపదేశం. నాకది మంత్రంలా పట్టేసింది. అక్కడే పుట్టుంటే నేను డిగ్రీ లేని గడిలో, గుడికి వెళ్ళే గడిలో పడేదాన్ని. నా ఓటెవరికో నాకంటే ముందు ముదీర్‌కి తెలిసిపోయేది. (అక్కడ కొన్నిచోట్ల పోస్టులో ఆలస్యంగా చేరిన ఓటునీ లెక్కపెడతారని కూడా ఆయనే చెప్పాడు. ఇదేం విడ్డూరమని నవ్వుకున్నాను.)

సరిగ్గా అప్పుడే మాకూ ఒక ఎన్నిక వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళం ఇరవైముగ్గురం రోజూ పొద్దున ఏడింటికి జూమ్‌లో సహస్రనామ పారాయణం చేసేవాళ్ళం. మమ్మల్ని నడిపించే ఇరవైనాలుగో ఆవిడ ఇండియా వెళ్ళిపోవడంతో ఆ స్థానానికి మా చిన్నమ్మ, నేను కాకినాడ అత్తయ్య అని పిలిచే పొరుగావిడ పోటీపడ్డారు. చెరొక వారం నడిపి చూపించాలి, ఆపైన అందరూ తమకు నచ్చిన పేరు మాలో పెద్దావిడైన బామ్మగారికి ఫోన్లో పంపాలి. ఎవరు ఎవరికి వేశారో చెప్పనని బామ్మగారు దీపం ముందు ఒట్టు పెట్టుకున్నారు. చిన్నమ్మ గల్ఫ్‌కొచ్చి పద్నాలుగేళ్ళు. ఆ పద్నాలుగేళ్ళూ వండి పెట్టడమే తప్ప ఎక్కడా ముందు కూర్చున్నది లేదు. ఒక్కో నామానికీ వాళ్ళ నాయన చెప్పిన అర్థం గుండెల్లో దాచుకుని, వినేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న మనిషి. "గెలుస్తనంటవా బిడ్డా?" అని రోజుకి నాలుగుసార్లు అడిగేది.

నేను గడులు గీశాను. తెలంగాణవాళ్ళు, కోస్తావాళ్ళు, నలభై దాటినవాళ్ళు, ఉద్యోగస్తులు, రోజూ మడి కట్టుకునేవాళ్ళు. గుంపులు కుదిరాయి గానీ ఫోన్లు చేసే అమెరికావాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? అందుకని చిన్నమ్మ చేసిన దద్ధ్యోజనం డబ్బాల్లో సర్దుకుని, మాస్కు పెట్టుకుని, గడపగడపకీ వెళ్ళాను. డబ్బా చేతికిచ్చి, వాళ్ళు కళ్ళకద్దుకుంటూ ఉండగా ఓటెవరికని అడిగేదాన్ని. "ఇంకెవరికి, మీ చిన్నమ్మకే" అనేవారు. (చిన్నమ్మ చేతి ప్రసాదం చేతిలో పెట్టుకుని ఎవరైనా ఇంకోమాట అంటారా అన్నది నాకు తట్టనే లేదు.) కాకినాడ అత్తయ్యకి మాత్రం డబ్బా ఇచ్చి, ఏమీ అడక్కుండా "ఖచ్చితంగా ఎదుటి పక్షం" అని రాసుకుని వచ్చేశాను. కరోనా భయంతో తలుపు తీయనివాళ్ళని కూడా ఆ పక్షానికే వదిలేసి, అంతా కూడి చిన్నమ్మకు పదహారని తేల్చాను. ఆ మాట నమ్మి చిన్నమ్మ రవ్వలడ్డూలు చుట్టేసింది.

అమెరికా లెక్క నాలుగు రోజులైనా తేలలేదు. మాది నాలుగు నిమిషాల్లో ఖలాస్. బామ్మగారు జూమ్‌లో కళ్ళజోడు సవరించుకుని చదివారు. కాకినాడ అత్తయ్యకు ఇరవైరెండు, చిన్నమ్మకు ఒకటి.

జరిగిందేమిటంటే, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఎనిమిదింటికి. చాలామంది ఇళ్ళలో ల్యాప్‌టాప్ ఒక్కటే. కాకినాడ అత్తయ్య ఏడుంపావు దాటిన కాసేపటికే మంగళహారతి ఇచ్చేసేది. చిన్నమ్మ అర్థాలతో సహా ఎనిమిదీ ఇరవై చేసేది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లెన్ని అన్న గడి నేను గీయలేదు. గీయకపోవడానికి సాకు కూడా లేదు, ఎందుకంటే చిన్నమ్మ ముందు తెరిచి ఉన్న ఆ ల్యాప్‌టాప్ నాదే. ముదీర్ ఫోన్ మోగుతుంటే ఆ వారమంతా పక్కన కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డదాన్నీ నేనే.

సాయంత్రానికి పదకొండుమంది ఫోన్ చేసి, ఆ ఒక్క ఓటూ తమదేనన్నారు. చిన్నమ్మ అందరికీ పేరుపేరునా దండాలు చెప్పింది. తన పేరు తాను రాసుకోవడం సిగ్గని, తన ఓటు కాకినాడ అత్తయ్యకే వేసిందట. ఆఖరున నావైపు తిరిగి, "నీదేనా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నేను తలూపాను. ఆవిడ నా చేతిలో లడ్డూ పెట్టింది. నేను బామ్మగారికి పంపిన పేరు కాకినాడ అత్తయ్యది.

ఆ లడ్డూ ఐదేళ్ళు అరగలేదు. ఇప్పుడు నేను ఖోర్ ఫక్కాన్‌లో ఓడరేవు ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్న ఉండబట్టలేక ఫోన్లో చిన్నమ్మకి అంతా చెప్పేశాను. అవతల గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగలేదు.

"ఆ ఓటు తనదేనని కాకినాడ వదిన ఆ దినమే ఒచ్చి చెప్పింది. తన పేరు తను రాసుకునుడు ఆమెకు గుడ సిగ్గేనట. ఎనిమిదైతే నీ ముదీర్ ఎట్ల మొత్తుకుంటుండెనో నాకు తెల్వదా?"

"మరి నాకు లడ్డూ ఎందుకిచ్చినవ్ చిన్నమ్మా?"

"నలభై చేసి పెట్టిన. ఎవలు తినాలె?"

ఇప్పుడు రోజూ ఏడింటికి ఫోన్ పెట్టుకుని కూర్చుంటాను. చిన్నమ్మ నామం చదువుతుంది, అర్థం చెబుతుంది, మధ్యలో వాళ్ళ నాయన కబుర్లూ చెబుతుంది. వినేది నేనొక్కదాన్నే. ఎనిమిదీ ఇరవై దాటినా గడియారం వైపు చూడను, తొమ్మిదింటికి ఆఫీసు ఇచ్చిన దేవుడికి దణ్ణం. పోస్టులో ఆలస్యంగా చేరిన ఓటునీ లెక్కపెడతారంటే నవ్విన ఆ గడుల పిల్ల గుర్తొస్తుంది. పాపం, తన ఓటు చేరడానికే ఐదేళ్ళు పట్టింది.