రాజ్యం చేతి ముద్ద

2004 వేసవిలో రాజ్యం కళ్లు పచ్చబడ్డాయి. చిలకలూరిపేట దగ్గర మిరప కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆమె పెద్ద. నేను అక్కడ కాటా గుమాస్తాను. మధ్యాహ్నం అందరి క్యారేజీల అన్నమూ ఒకే బేసిన్‌లో గుమ్మరించి, పండుమిరప పచ్చడితో కలిపి, చేతుల్లో ముద్దలు పెట్టేది రాజ్యమే. ఆ ముద్ద కోసం నేను ఇంట్లో టిఫిన్ మానేసేవాణ్ణి.

గుంటూరు నేనే తీసుకెళ్లాను. డాక్టరు రక్తం చూసి హెపటైటిస్ బి అన్నాడు.

"వైరస్‌ని అణిచే మాత్రలున్నాయమ్మా. నీకిప్పుడు అక్కర్లేదు. నీ ఒళ్లే దాంతో పోట్లాడుతోంది, ఆ పోట్లాటకే లివరు వాచింది. వారం వారం చూద్దాం, రక్తం గడ్డకట్టడంలో తేడా వస్తే మాత్రలిస్తా. ఆరు నెలల్లో వైరస్ పోవాలి. పోలేదంటే ఇక ఉండిపోయినట్టే."

"సూదన్నా వెయ్యండి" అంది రాజ్యం.

వెయ్యలేదు. పత్యం కూడా వద్దన్నాడు. కలిసి తింటే ఎవరికీ అంటదన్నాడు.

బయటికి రాగానే నామీద విరుచుకుపడింది. "సూది లేదు, మాత్ర లేదు, పత్యమూ లేదు. ఇదేం వైద్యమయ్యా?"

పత్యం తనే పెట్టుకుంది. వైరస్ పోయేదాకా కారం ముట్టదు, అన్నం కలపదు. టన్నుల కొద్దీ మిరపకాయల మధ్య కూర్చుని, తుమ్ముతూ, చప్పటి మజ్జిగన్నం తింది. బేసిన్ తొడిమలు తీసే బసవమ్మ చేతికి వెళ్లింది. ఆ ముద్దల గురించి నేను మాట్లాడను. రాజ్యం దూరంగా కూర్చుంటే కొందరు హమ్మయ్య అనుకున్నారు. వాళ్లమీద నాకిప్పటికీ కోపమే.

రాజ్యం పక్కనే తొడిమలు తీసే మదార్‌బీ మాత్రం రోజూ వచ్చి చెయ్యి చాపేది. "ముద్ద పెట్టవే."

"నీకూ అంటిందంటే?"

"డాక్టరు అంటదన్నాడుగా. అయినా బసవమ్మ ముద్ద తిని బతికి ఏం చెయ్యాలి?"

రాజ్యం నవ్వేది, పెట్టేది కాదు. వారం వారం పరీక్షలు బాగానే వచ్చాయి, కళ్లూ తెల్లబడ్డాయి. కానీ ఆరో నెల దగ్గరపడేకొద్దీ ఆ నవ్వు తగ్గింది. నాకూ భయం వేసింది.

నవంబరులో రిపోర్టు వచ్చింది. వైరస్ లేదు. దాన్ని మళ్లీ రానివ్వని రక్షణ కూడా రక్తంలో తయారైందట. తిరుగు బస్సులో రాజ్యం కండక్టరుకీ, డ్రైవరుకీ, కోళ్లగంపతో కూర్చున్న పెద్దాయనకీ అదే చెప్పింది. "ఒక్క మాత్ర మింగలేదండీ. నా ఒళ్లే తరిమేసింది." పెద్దాయన ముందు ఊళ్లోనే దిగాల్సినవాడు వింటూ దిగడం మర్చిపోయాడు.

మర్నాడు బేసిన్ లాక్కుని, జాడీలో పచ్చడంతా ఊడ్చి కలిపింది. మొదటి ముద్ద మదార్‌బీకి పెట్టింది. తిన్న మదార్‌బీకి కళ్లవెంట నీళ్లు కారాయి.

"కారం ఎక్కువైందే" అంది.

"ఆరు నెలలది మరి" అని, రాజ్యం రెండో ముద్ద కూడా ఆమె చేతిలోనే పెట్టింది.