కత్తెరమ్మ ఎడమచెయ్యి

పోయిన అక్టోబరులో, నలభై ఒక్క రోజుల పోరాటం తర్వాత, మా చెల్లెలు తన చొక్కా గుండీ తానే పెట్టుకుంది. ఒకే ఒక్క గుండీ, మెడ నుంచి మూడోది. పదకొండు నిమిషాలు పట్టింది. ఎదురుగా గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

ఈ సంగతితో మొదలుపెట్టానని తెలిస్తే ఆమె ఊరుకోదు. అంతకుముందు సాధించినవి తక్కువా మరి! పద్దెనిమిదో ఏట, నర్సుల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఊడ్చే పనికి చేరింది. ఇరవై రెండు నిండకముందే కటింగు బల్ల దగ్గర నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లలో పదిహేడు మందికి కత్తెర పట్టడం నేర్పింది. అందులో ఒకడు ఇవాళ అక్కడే సూపర్‌వైజరు. మామూలు సైజులు మిషను కోస్తుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకు, మరీ పొడుగువాళ్లకు, ఒక భుజం కిందికి ఉన్నవాళ్లకు మాత్రం కొలత చూసి చేత్తోనే కోయాలి. ఆ బల్ల మా చెల్లెలిది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలోనే ఉంటుంది. పిలిచేటప్పుడు అందరికీ కత్తెరమ్మే.

ఆగస్టు నెలాఖరున పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది. మాట ఇసుమంతైనా తగ్గలేదని మా ఆవిడ అంటుంది. ఆసుపత్రి నుంచి మా ఇంటికే తెచ్చుకున్నాం. మా ఆవిడ ఆమెకు తల దువ్వింది, గుండీలు పెట్టింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. అదే ప్రేమ అనుకున్నాం.

తర్వాత ఆసుపత్రివాళ్లు, రోజువారీ పనులు మళ్లీ నేర్పించే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును పంపారు. ఆ మాట పలకడానికే నాకు వారం పట్టింది కాబట్టి థెరపీ అమ్మాయి అని పిలుచుకున్నాం. వచ్చిన రోజు మా చెల్లెలి చెయ్యి పట్టుకోనైనా లేదు. పుస్తకం తెరిచి, పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పమంది.

"మొహం కడుక్కోవడం?"

"వదిన కడుగుతుంది."

"బట్టలు?"

"వదినే."

"అన్నం?"

"అదీ వదినే."

"మరి మీరేం చేస్తారమ్మా?"

"నేనా? సరిగ్గా చెయ్యలేదని వదినను తిడతాను."

థెరపీ అమ్మాయి నవ్వి, మా ఆవిడవైపు తిరిగింది. "రేపటి నుంచి మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలండీ. కష్టమైన పని మీకే." నిజంగానే కష్టమైంది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది, చూడలేక. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ వచ్చింది, కూర్చోవడానికి పీట వచ్చింది, కంచం జారకుండా కింద రబ్బరు ముక్క వచ్చింది. నలభై ఒకటో రోజున గుండీ!

ఆ వారమే సూపర్‌వైజరు చూడ్డానికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని నసిగాడు.

"అక్కా, ఫిబ్రవరి ఆఖరుదాకా నీ బల్ల దగ్గర ఎవర్నీ నిలబెట్టను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. కావాలంటే ప్యాకింగులో కూర్చోవచ్చు."

"ప్యాకింగా? నేను నేర్పినవాళ్లు కోస్తుంటే నేను మడతలు పెట్టాలట్రా?"

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆమె కత్తెర తెమ్మంది. ముప్పై ఒక్క ఏళ్ల నాటి కత్తెర. పాత దుప్పటి పరిచి ఎడమచేత్తో కోసింది. గుడ్డ తెగలేదు, రెండు అలుగుల మధ్య నలిగి మడతపడింది.

మొండిబారిందనుకున్నాను. సాన పట్టడం నా వృత్తి. నలభై ఏళ్లు చేసి మానేశాను. మళ్లీ సానరాయి దించి పదును పెట్టిచ్చాను. మడతపడింది. ఇంకోసారి పెట్టాను. మళ్లీ అంతే. మూడోసారికి వెంట్రుక వేస్తే తెగేలా ఉంది, గుడ్డ మాత్రం తెగలేదు.

"కత్తెరది కాదన్నయ్యా తప్పు, చేతిదే. నా పని అయిపోయింది," అని కత్తెరను గుడ్డలో చుట్టేసింది. తొమ్మిది రోజులు ఆ ఊసెత్తలేదు. గుండీలు కూడా మానేసింది.

పదో రోజు థెరపీ అమ్మాయి ఆ మూట విప్పించింది. కత్తెరను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కుడిచేతివాళ్ల కత్తెర కదా!" అంది. కుడిచేత్తో నొక్కితే అలుగులు ఒకదానికొకటి ఒరుసుకుంటాయట. ఎడమచేత్తో నొక్కితే ఆ ఒత్తిడికే విడిపోతాయట. ఎంత పదునున్నా లాభం లేదు. ఎడమచేతివాళ్లకు అలుగులు తిరగేసి బిగించిన కత్తెర వేరే దొరుకుతుందట.

మా ఆవిడ నా వైపు చూసింది. "నలభై ఏళ్లు ఊరందరి కత్తెరలూ సాన పట్టారు. ఏ చేతిదో ఒక్కసారైనా చూడలేదూ?"

చూడలేదు.

ఎడమచేతి కత్తెర తెప్పించాం. మొదట కాగితం, తర్వాత దుప్పట్లు. రోజూ గంట, మధ్యలో రెండుసార్లు విశ్రాంతి. మూడు నెలల్లో మా ఇంటి దుప్పట్లన్నీ చేతిరుమాళ్లయ్యాయి.

జనవరిలో థెరపీ అమ్మాయి కార్ఖానాకు వెళ్లి పూటంతా కటింగు గదిలో నిలబడింది. బల్ల ఎత్తు తక్కువుందని దాని కాళ్ల కింద చెక్క దిమ్మెలు వేయించింది. బల్ల ముందు ఎత్తు స్టూలు పెట్టించింది. గుడ్డ కదలకుండా కుడిచేతికి బదులు ఇనుప బరువులు పెట్టమంది. కుడి వేళ్లకు స్పర్శ ఇంకా సరిగా రాలేదు, తెగినా తెలియదు. అందుకని బల్లమీద ఎర్ర టేపు అంటించి, కుడిచెయ్యి దాన్ని దాటకూడదంది. వారం తిరక్కముందే పక్క బల్లలవాళ్లూ నడుం నొప్పి తగ్గుతుందని దిమ్మెలు అడిగారట. కుడిచెయ్యి పడిపోయిన మనిషి వల్ల పదిమంది నడుములు నిలబడ్డాయి. ఇదీ మా చెల్లెలి ఖాతాలోదే.

మొన్న ఫిబ్రవరి పంతొమ్మిదిన కార్ఖానాలో పరీక్ష. సూపర్‌వైజరు ఒకే కొలతకు రెండు జతల చొక్కా చేతులు కోయమన్నాడు. ఒకసారి కుడిచెయ్యి టేపు దగ్గరికి జరిగింది. తానే చూసుకుని వెనక్కి తీసుకుంది. అరగంటలో నాలుగు ముక్కలు కోసింది. అతను వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి అంచుల చుట్టూ వేలు తిప్పాడు.

"ఏరా, పొరపాటు దొరికిందా?"

"నేర్పినప్పుడు నువ్వు మాకు పెట్టిన పరీక్షే కదక్కా ఇది. నేనప్పుడు తప్పాను."

"గుర్తుంది. రెండుసార్లు."

అతను నవ్వుతూ గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, జేబులోంచి పెన్ను తీశాడు. మొదటి నెల రోజుకు నాలుగు గంటలే పనిచేయాలని థెరపీ అమ్మాయి షరతు పెట్టింది. ఆ బల్లకు వేరే మనిషి రావడం లేదు. కత్తెరమ్మ వస్తోంది. మార్చి మూడో తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకు.